మూడు లక్షల రైఫిలు, మూడు రూపాయల అట్టముక్క

2025 మార్చిలో ఒక ఆదివారం పొద్దున్నే మా బావ ఫోను. మామూలుగా ఆయన ఫోను చేస్తే ముందు వానల సంగతి, తర్వాత మిరప తోట సంగతి, ఆఖర్న "మీ కంపెనీలో ఇంకా జనాన్ని పీకేస్తున్నారా?" అని ఒక పరామర్శ. ఇదీ వరస. ఆ రోజు మాత్రం నేరుగా విషయంలోకి దిగాడు.

"అబ్బాయ్, కోల్డ్ స్టోరేజీలో ఉన్న టిక్కీలన్నీ తీసి యార్డులో పెట్టేద్దామనుకుంటున్నా. పిల్లకి సొంత రైఫిలు కొనాలి. మూడు లక్షల దాకా అవుద్దంట. జర్మనీది. నువ్వు ఇంటర్నెట్టులో చూసి ఏది మంచిదో చెప్పు."

నాకు నోట మాట రాలేదు. అది మిర్చి ధర పూర్తిగా పడిపోయిన సీజను. 2023లో గుంటూరు యార్డులో క్వింటాలు 20 వేలు దాటిన సరుకుని 2025 ఫిబ్రవరికి అడిగేవాడు లేడు. కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకి 11,781 రూపాయలు అని ప్రకటించాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎలా ఉందో ఊహించుకోండి. అలాంటప్పుడు సరుకు అమ్మడమంటే తోట కూలి డబ్బులు కూడా వెనక్కి రానట్టే. అయినా అమ్ముతానంటున్నాడు, కూతురి కోసం.

మా మేనకోడలు అప్పటికి తొమ్మిదో తరగతి. వాళ్ళది చిలకలూరిపేట అవతల పల్లెటూరు. స్కూల్లో ఎన్‌సీసీలో మొదలైన సరదా, ఆదివారం ఆదివారం బస్సెక్కి ఊళ్ళోని ఒక రేంజికి వెళ్ళి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకునేదాకా వచ్చింది. తుపాకి అంటే నాకు అంతకుముందు తెలిసిందల్లా కోటప్పకొండ తిరునాళ్ళలో బెలూన్లు కాల్చడమే. కానీ "ఇంటర్నెట్టులో చూసి చెప్పు" అన్నాక చూడకుండా ఉండలేం కదా (ఇంజనీరు బుద్ధి). చదివాను, అడిగాను, ఉగాదికి ఊరెళ్ళినప్పుడు పిల్లతో పాటు రేంజికి వెళ్ళి కూర్చున్నాను. అన్నీ చూశాక నాకు కలిగిన అభిప్రాయం ఇది: మంచి టార్గెట్ రైఫిల్ అనేది కొనుక్కొచ్చే వస్తువు కాదు. ఒక మనిషి ఒంటికి తగ్గట్టు నెలల తరబడి తయారు చేసుకునేది. ఆ తయారీలో ముఖ్యమైన సగం జర్మనీలో జరగదు, మన దగ్గరే జరగాలి. మన దగ్గర లేనిది ఆ సగమే.

ముందు తిరునాళ్ళ తుపాకి సంగతి చెబుతాను, అసలు విషయం అందులోనే ఉంది. కొండ కింద బెలూన్ల కొట్టువాడి తుపాకి సైటు ఎప్పుడూ తేడాగానే ఉంటుంది. చిన్నప్పుడు మేం మొదటి రెండు గుళ్ళు వృథా చేసి "ఓహో, ఇది ఎడం పక్కకి బెత్తెడు పోతోంది" అని కనిపెట్టి, మూడోదాన్నుంచి కుడి పక్కన బెత్తెడు దూరంలో గురి పెట్టేవాళ్ళం. బెలూను టప్పున పేలేది. అంటే తుపాకి వంకరగా కొట్టినా పర్లేదు, ప్రతిసారీ ఒకే వంకరగా కొడితే చాలు. ఒకసారి ఎడమకి, ఒకసారి పైకి, ఒకసారి సూటిగా పోయే తుపాకితో మాత్రం ఎవరూ ఏమీ చెయ్యలేరు. గురి వేరు, నిలకడ వేరు. గురి తప్పితే సైటు తిప్పి సరిచేసుకోవచ్చు. నిలకడ లేకపోతే తిప్పడానికి ఏమీ ఉండదు.

ఇక ఈ 10 మీటర్ల పోటీలో ఎంత నిలకడ కావాలో చూడండి. గుండు 4.5 మిల్లీమీటర్లు, బరువు దాదాపు అర గ్రాము. వేగం సెకనుకి 170 మీటర్ల చుట్టుపక్కల. టార్గెట్ మధ్యలో ఉండే పది చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. అవును, అర మిల్లీమీటరే, పెన్సిలు మొనతో పెట్టిన చుక్కంత. గుండు అంచు దాన్ని తాకినా పది కిందే లెక్క. అంటే గుండు మధ్యభాగం కేంద్రానికి రెండున్నర మిల్లీమీటర్ల లోపు ఉండాలి. ఇప్పుడు దశాంశాల్లో లెక్క కాబట్టి పదిలోనూ 10.0 నుంచి 10.9 దాకా మెట్లున్నాయి, మెట్టుకి పావు మిల్లీమీటరు. అలాంటివి 60 షాట్లు, మొత్తం 654కి. ఇప్పుడో చిన్న లెక్క. వెనక సైటుకి, ముందు సైటుకి మధ్య 80 సెంటీమీటర్లు ఉందనుకుందాం. ముందు కొస 0.2 మిల్లీమీటరు పక్కకి జరిగితే 10 మీటర్ల దగ్గర అది రెండున్నర మిల్లీమీటర్లవుతుంది. పది కాస్తా తొమ్మిది అంచుకి వెళ్ళిపోయినట్టే.

ఇంత సూక్ష్మం అనగానే మనందరికీ తోచేది ఒకటే: "అయితే మంచి బారెల్ కావాలి". మా బావకీ అదే తోచింది. నాకూ అదే తోచింది. కానీ ఉల్మ్‌లో తయారయ్యే ఆన్షుట్జ్, వాల్టర్ గానీ, ఓబెర్న్‌డార్ఫ్‌లో తయారయ్యే ఫైన్‌వెర్క్‌బావ్ గానీ, ఏ మ్యాచ్ రైఫిల్‌నైనా బెంచీకి బిగించి సరిపడే గుళ్ళతో ఐదు షాట్లు కాలిస్తే ఐదూ దాదాపు ఒకే చిల్లులోంచి పోతాయి. పాతికేళ్ళ కిందటి రైఫిలయినా, బాగా చూసుకున్నదైతే అంతే. అంటే బారెల్ ఎప్పుడో మనిషిని మించిపోయింది. తొమ్మిదో తరగతి పిల్ల షాట్లు పది మిల్లీమీటర్ల మేర చెదురుతుంటే ఆ పది మిల్లీమీటర్లూ బారెల్ వల్ల వచ్చినవి కావు. ప్రోగ్రాము నెమ్మదిగా నడుస్తోంది అనగానే, ఎక్కడ ఆగుతోందో కొలవకుండా కొత్త సర్వర్ కొనెయ్యమనే మేనేజర్లని మనం రోజూ చూస్తూనే ఉంటాం. ఇదీ అంతే.

మరి ఎక్కణ్ణుంచి వస్తాయి? ఒంటికి, తుపాకికి మధ్య ఉన్న అతుకుల నుంచి. భుజానికి ఆనే బట్ ప్లేటు ఎంత ఎత్తులో ఉంది, చెంప ఆనే దిమ్మ ఎంత ఎత్తులో ఉంది, కన్ను వెనక సైటుకి సరిగ్గా మధ్యలోకి దానంతటదే వస్తోందా లేక మెడ వంచితే వస్తోందా, ట్రిగ్గరు మీద వేలి కొస పడుతోందా కణుపు పడుతోందా. మ్యాచ్ రైఫిల్ ట్రిగ్గరు గుప్పెడు ఎండుమిరపకాయలంత బరువుకే పేలుతుంది, వేలు కాస్త పక్కగా లాగినా తెలిసిపోతుంది. మనిషికి తగ్గట్టు చేయించిన రైఫిల్ అని పెద్ద షూటర్లు అనేది దీన్నే, బారెల్ మీద పేరు చెక్కించుకోవడాన్ని కాదు.

ఇదేమీ మనకి తెలియని విద్య కాదు. మా తాతకి నాగలి చేసిన వడ్రంగి, మేడి ఎంత ఎత్తుండాలో తాతని నిలబెట్టి చూసి చెక్కేవాడు. పక్కింటాయన నాగలి తాత పడితే మధ్యాహ్నానికి నడుం పట్టేసేది. కాడి కూడా అంతే, ఆ జత ఎడ్ల మెడలకి తగ్గట్టే. ఒకళ్ళ కొలత ఇంకొకళ్ళకి పనికిరాదనే జ్ఞానం ఈ నల్లరేగడి నేలలో నిన్నమొన్నటి దాకా ప్రతి ఊళ్ళోనూ ఉండేది.

రేంజిలో నేను చూసింది దానికి సరిగ్గా వ్యతిరేకం. నాలుగు రైఫిళ్ళు, పాతికమంది పిల్లలు. ఆరడుగుల కుర్రాడు కాల్చి దిగగానే అదే రైఫిలు ఐదడుగులు కూడా లేని మా పిల్ల చేతికి. తనకి తగ్గట్టు స్క్రూలు తిప్పుకునే సరికి పావుగంట అయిపోతుంది, తిప్పుకున్నదేంటో ఎవరూ రాసుకోరు, వచ్చే ఆదివారానికి మళ్ళీ మొదటికి. కోచ్‌ని తప్పు పట్టలేం, పాపం ఒక్కడే మనిషి, పాతికమంది. నేను సాఫ్ట్‌వేర్‌వాణ్ణి కాబట్టి వెంటనే బుర్రలో వెలిగింది: ఇక్కడ వెర్షన్ కంట్రోల్ లేదు!

రెండు రూపాయలు తక్కువ కాకుండా ఒక నోటుబుక్కు కొన్నాం (సరే, ముప్ఫై రూపాయలు). రైఫిల్ మీద ఉన్న గీతల స్కేలు చూసి ప్రతి కొలతా అందులో రాసింది. గీతలు లేని చోట తెల్ల టేపు అంటించి పెన్నుతో గుర్తు పెట్టాం. ఇక్కడ నా తెలివితక్కువతనం కూడా చెప్పాలి. ఉత్సాహం ఆపుకోలేక మొదటి రోజే బట్ ప్లేటు, చెంప దిమ్మ, సైటు మూడూ ఒకేసారి మార్చేశాను. షాట్లు ఇంకా చెదిరిపోయాయి. ఏది మార్చడం వల్ల చెదిరాయో ఎవరికీ తెలీదు. పదిహేనేళ్ళుగా జూనియర్లకి "ఒకసారికి ఒకటే మార్చండి" అని పాఠాలు చెబుతున్నవాణ్ణి! మా మేనకోడలు ఏమీ అనలేదు గానీ, "మావయ్యా, ముందున్న కొలతలు రాసుకున్నాంగా, వెనక్కి పెట్టేద్దాం" అంది. సిగ్గేసింది. గర్వంగానూ అనిపించింది.

వెనక్కి పెట్టి ఒక్కొక్కటే మార్చుకుంటూ పోతే మూడు ఆదివారాలకి విషయం తేలింది. (రెండో ఆదివారం నుంచి నేను ఫోన్లోనే.) తన షాట్లు పక్కలకి పెద్దగా పోవట్లేదు, పైకీ కిందకీ పోతున్నాయి. చెంప దిమ్మ తనకి పల్లంగా ఉంది. ప్రతి షాటుకీ తల కొత్తగా మోయాల్సి వస్తోంది, అలిసిపోయే కొద్దీ తల దిగుతోంది. దిమ్మ ఇంకా పైకి రాదు, పాత రైఫిలు. అప్పుడు చెప్పులడబ్బా అట్ట కత్తిరించి, రెండు పొరలు పెట్టి టేపు చుట్టాం. అంతే. నిలువునా పన్నెండు మిల్లీమీటర్లు చెదిరేవి ఏడెనిమిదికి వచ్చాయి. ఆ అట్టముక్క ఖరీదు మహా అయితే మూడు రూపాయలు.

బట్ ప్లేటు సంగతి అట్టతో తేలలేదు, అది ఇంకాస్త కిందకి రావాలి. దానికి అల్యూమినియం పలక ఒకటి కావాలి. వేసవి సెలవల్లో నేను మళ్ళీ వచ్చినప్పుడు గుంటూరు ఆటోనగర్‌లో ఒక లేతు మేస్త్రి దగ్గరికి వెళ్ళాం. "తుపాకి పనా? నా వల్ల కాదు బాబో" అన్నాడు. ఆయన భయం న్యాయమైనదే. లైసెన్సు లేకుండా తుపాకి తయారు చెయ్యడం, రిపేరు చెయ్యడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. బారెల్, ట్రిగ్గరు, గాలి వాల్వు, సిలిండరు లాంటివి ఎవరూ ఇంట్లో ముట్టుకోకూడదు, ఆ సిలిండర్లో 200 బార్ల ఒత్తిడి ఉంటుంది. కానీ మేం అడిగింది భుజానికి ఆనే పలక మాత్రమే. పైగా ఇది 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిలు, శక్తి ఏడెనిమిది జౌళ్ళు. 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం ఆ బోరు దాటని, 20 జౌళ్ళు మించని ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సే అక్కర్లేదు. ఇవన్నీ చెప్పాక, కోచ్‌తో ఫోన్లో మాట్లాడాక ఒప్పుకున్నాడు. "ఎన్ని నూళ్ళు మందం?" అన్నాడు. మిల్లీమీటర్లలో చెప్పాం. వెర్నియర్ తీసి కొలిచి, ఒకటి కాదు, కాస్త తేడాతో రెండు చేసిచ్చాడు, "ఏది నప్పితే అది పెట్టుకోమ్మా" అని. తీసుకుంది మూడొందలు. పత్తి జిన్నింగు మిల్లుల షాఫ్టులు తిప్పే చెయ్యి అది. నిలకడ జర్మనీలోనే దొరుకుతుందని ఎవరన్నారు?

ఇంతా చెప్పి "పరికరంతో పనిలేదు, పట్టుదలే ముఖ్యం" అని నీతి చెప్పబోతున్నాననుకుంటే పొరపాటు. పరికరంతో చాలా పనుంది. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్‌కి రైఫిల్ కొనడానికి వాళ్ళ నాన్న స్థలం అమ్మేశారని పేపర్లలో చాలాసార్లు చదివాం. 2008 బీజింగ్‌లో 595 కొట్టి కూడా సమాన స్కోర్ల లెక్కలో ఫైనల్ తప్పిపోయిన ఆ మనిషే 2012 లండన్‌లో 701.1తో కాంస్యం తెచ్చాడు. ఆ స్థాయిలో ఒక్క షాటు, ఒక్క గుండు, జీవితాన్ని మార్చేస్తాయి. అక్కడ బారెల్ ముఖ్యమే, ఆ బారెల్‌కి ఏ డబ్బా గుళ్ళు నప్పుతాయో పరీక్షించుకోవడమూ ముఖ్యమే. నేననేది వరస గురించి. ముందు ఒంటికి కొలత, తర్వాత నోటుబుక్కు, తర్వాత గుళ్ళు, ఆ తర్వాత రైఫిలు. మనం ఆఖరి మెట్టు ముందెక్కి, మిగతావి మర్చిపోతున్నాం.

2008లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచిన రోజు సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. ఫైనల్‌కి ముందు ప్రాక్టీసు షాటు ఒకటి నాలుగో రింగు దగ్గర పడిందని, రైఫిల్ సైటు జరిగిపోయి ఉందని ఆయనే తర్వాత చెప్పాడు. ఆ క్షణంలో మామూలు షూటరైతే "నేనే తప్పు కొట్టానేమో" అనుకుని తనని తాను మార్చుకోబోతాడు. బింద్రాకి తన నిలుపు మీద ఎంత నమ్మకమంటే, తప్పు తనది కాదు సైటుదే అని గుర్తుపట్టి, మిగిలిన కాస్త సమయంలో తిప్పి సరిచేసుకుని వెళ్ళి, 700.5తో గెలిచాడు. తిరునాళ్ళలో మేం చేసిన పనే, కాకపోతే ఒలింపిక్ ఫైనల్లో. మనిషి నిలకడగా ఉంటేనే తుపాకి తప్పు బయటపడుతుంది. మా పిల్ల చేతిలో మొదటి రోజే మూడు లక్షల రైఫిల్ పెట్టి ఉంటే అందులో తప్పుందో లేదో కూడా మాకు తెలిసేది కాదు.

ఇంకో మాట. పద్నాలుగేళ్ళ పిల్లలు ఆరు నెలలకి అంగుళం పెరుగుతారు. భుజాలు, మెడ, చేతులు అన్నీ మారతాయి. ఈ రోజు సరిపోయిన కొలత దసరాకి సరిపోదు. కాబట్టి పిల్లలకి కావలసింది ఖరీదైన రైఫిల్ కంటే ముందు, ఎటు కావాలంటే అటు జరిగే స్టాక్, దాన్ని జరిపి ఇచ్చే మనిషి.

ఆ మనిషి గురించే నా గొడవంతా. పతకం రాగానే సన్మానాలు, చెక్కులు, ఇళ్ళ స్థలాలు ప్రకటిస్తాం. రేంజి కట్టినప్పుడు శిలాఫలకం వేస్తాం. మేం తిరిగిన చోట్ల మాత్రం రైఫిళ్ళని పిల్లలకి అమర్చే ఉద్యోగం చేసేవాడు ఒక్కడు కనపడలేదు. ఒక బిగింపు బల్ల, ఒక వెర్నియర్, రకరకాల పలకలు, దిమ్మలు, ఒక టెక్నీషియన్: ఒక్క కొత్త రైఫిల్ డబ్బుతో ఇవన్నీ ఏడాది నడుస్తాయి. గుంటూరు నుంచి ఒంగోలు దాకా హైవే పక్కన ఎన్ని ఇంజనీరింగ్ కాలేజీలున్నాయో లెక్కపెట్టండి. వాటిల్లోని త్రీడీ ప్రింటర్లు ఫెస్టులకి కీచైన్లు చేస్తున్నాయి. చెంప దిమ్మలు చెయ్యలేవా? ముంబయి వైపు, లోతు రంధ్రాలు తొలిచే యంత్రాలు చేసే ప్రెసిహోల్ వాళ్ళు ఎయిర్ రైఫిళ్ళే తయారుచేస్తున్నారు. మనం కనీసం పలకలు చెయ్యలేమా?

జరగని పని కాదు. కృష్ణ దాటితే విజయవాడ. విలువిద్యలో చెరుకూరి లెనిన్ 2010లో రోడ్డు ప్రమాదంలో చనిపోయినా ఆ అకాడమీని తండ్రి నిలబెట్టుకొచ్చాడు. అదే ఊరి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది. కాంపౌండ్ విల్లు కూడా మనిషి చేతి పొడుగుకి అమర్చుకోవలసిందే. అటు చెరకు పండే కొల్హాపూర్ జిల్లా పల్లె నుంచి వచ్చిన స్వప్నిల్ కుసాలే 2024 పారిస్‌లో 50 మీటర్ల రైఫిల్‌లో కాంస్యం కొట్టాడు. మన గుంటూరు కుర్రాడు ముఖేశ్ నేలవల్లి అదే ఏడాది లిమాలో జూనియర్ ప్రపంచ పోటీల్లో పిస్టల్‌తో పతకాలు తెచ్చాడు. చెరకు నేలకి వచ్చింది మిరప నేలకి ఎందుకు రాదు?

రైఫిల్ కొనాలనుకునే అమ్మానాన్నలకి నేను చెప్పేది ఇంతే. ముందు ఆరు నెలలు క్లబ్బు రైఫిల్‌తోనే పిల్లల కొలతలు రాయించండి. సెకండ్‌హ్యాండ్ అయితే బారెల్ కంటే ముందు గాలి సిలిండర్ మీద తేదీ చూడండి. సాధారణంగా దాని ఆయుష్షు పదేళ్ళే, తేదీ దాటితే పోటీలో పనికిరాదు, ప్రమాదం కూడా. స్టాక్ పిల్లలతో పాటు పెరుగుతుందో లేదో చూడండి. ఏం అమర్చినా మొత్తం బరువు 5.5 కిలోలు దాటకూడదు, పోటీ ముందు తూస్తారు. అన్నిటికంటే ముఖ్యం, పిల్లలనే అడగండి, "ఏది నొప్పెడుతోంది?" అని.

మా బావ అప్పుడు టిక్కీలన్నీ అమ్మలేదు. కూలీలకి, ఎరువుల కొట్టుకి ఇవ్వాల్సినంత మటుకు అమ్మాడు. ఏడు నెలల తర్వాత, నోటుబుక్కు సగం నిండాక, ఇంకో షూటర్ వాడి వదిలేసిన రైఫిల్ ఒకటి మూడో వంతు ధరకి దొరికింది. జర్మనీదే. సిలిండర్ ఇంకా ఆరేళ్ళుంది. డబ్బులు కట్టే ముందు రాత్రి ఫోను చేశాడు.

"అబ్బాయ్, ఇంతకీ దీనికి అట్టముక్క పెట్టే పని ఉండదుగా?"

"ఉంటది బావా. కాకపోతే దీంట్లో స్క్రూ తిప్పితే సరిపోద్ది. ఎంత తిప్పాలో పిల్ల పుస్తకంలో రాసి పెట్టుకుంది."

"అట్టయితే కొంటన్నా" అన్నాడు.